రెబెక్క పాడిన ట్రాకులు

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో ప్రభుదాసుకు ఒక రికార్డింగు గది ఉండేది. గది అనగానే సినిమాల్లో చూపించే అద్దాల స్టూడియోను ఊహించుకునేరు, అంత లేదు. కింద పంక్చర్లు వేసే దుకాణం, దాని నెత్తిన రేకుల కప్పు వేసుకున్న ఒంటిగది. గోడలకు దూది కుక్కిన గోనెసంచులు కొట్టి, మధ్యలో ఒక మైకు, మూలన ఒక కంప్యూటరు పెట్టుకున్నాడు. కిందివాడు సుత్తి అందుకున్నాడంటే పైన పాట ఆగిపోవాల్సిందే. అప్పుడు ప్రభుదాసు కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, "అన్నా, జర ఒక్క చరణం ఆగరాదే, నీకు దండం పెడ్త!" అని అరిచేవాడు. కిందివాడు మంచివాడు కాబట్టి ఆగేవాడు. పాట బాగుంటే సుత్తి పట్టుకునే నిలబడి వినేవాడు కూడా.

వాళ్ళది నల్గొండ జిల్లాలో మర్రిగూడ పక్క పల్లె. పదో తరగతి తప్పాక ప్రభుదాసు పట్నం వచ్చి, ఎల్బీ నగర్‌లో ఒక మైకుసెట్టు దుకాణంలో చేరాడు. పెళ్ళిళ్ళకు, సువార్త కూటాలకు, ఎన్నికల సభలకు మైకులు కట్టీ కట్టీ చెవులు బాగా పదునెక్కాయి. రెబెక్కను అతను ముందు చూడలేదు, విన్నాడు. హయత్‌నగర్‌లో ఒక కూటానికి స్తంభమెక్కి హారను బిగిస్తుంటే, కింద ఎవరో అమ్మాయి కీర్తన అందుకుంది. వైరు పళ్ళ మధ్య పెట్టుకుని మనవాడు అలాగే పైన ఉండిపోయాడు. కూటం ముగిసి జనం చాపలు చుట్టుకుని వెళుతుంటే గానీ దిగలేదు. ఆ ఏడాదే పెళ్ళయింది. మన్సూరాబాద్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. జోస్నా పుట్టింది, ఇంటరు చదువుకొచ్చింది. అంతవరకు బాగానే ఉంది.

ప్రభుదాసుకు ఒక పిచ్చి ఉండేది. ఫ్రాన్సు దేశంలో కాన్ అని సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. ప్రతి జనవరిలో అక్కడ మిడెమ్ అనే పాటల సంత జరుగుతుంది. ఆ సంత పుట్టుపూర్వోత్తరాలన్నీ ఇతనికి నోటికొచ్చు. ఎవరు పాడటానికి వచ్చినా, చాయ్ పైకొచ్చేలోపు ఆ కథ వినిపించకుండా వదిలేవాడు కాదు.

"గది మామూలు అంగడి గాదన్నా! అరవై ఏడుల షురూ జేసిండ్రు. సలికాలం గా ఊర్ల హోటళ్ళన్ని ఖాళీగుంటయట. ఒక్కో గది ఒక్కో కంపెనోడు తీస్కున్నడు. మంచం పక్కకు జరిపి, రికార్డు ప్లేయరు వెట్టి, ఒచ్చినోనికి పాట ఇనిపించుడు. నచ్చితే మీ దేశంల నువ్వు అమ్ముకో అని రాసిచ్చుడు. పాటను సంచిల ఏస్కపోయేది లేదు, దాని మీది హక్కును కొనుక్కపోవుడు. గంతే!"

ఆ తర్వాత సంత హోటలు గదులు చాలక పెద్ద భవనంలోకి మారిందనీ, రికార్డుల వెనక క్యాసెట్లు, క్యాసెట్ల వెనక సీడీలు వచ్చాయనీ, ఇప్పుడు సీడీలు కొనేవాడు లేక ఫోన్లో మోగే రింగుటోన్లు అమ్ముకుంటున్నారనీ, ఏడాదికేడాది జనం పలచబడుతున్నారనీ చెప్పేవాడు. అక్కడ ఇవాళ మెరిసిన వస్తువు కొన్నేళ్ళకు కోఠి ఫుట్‌పాత్ మీద కుప్పగా పడుతుందని అతని సిద్ధాంతం. ఇంత చెప్పేవాడు నాదర్‌గుల్ మైదానం మీద చక్కర్లు కొట్టే శిక్షణ విమానాలు తప్ప వేరే విమానాన్ని దగ్గరగా చూసి ఎరుగడు. చెప్పిందంతా పట్టాభి దగ్గర విన్నదే.

పట్టాభిది భీమవరం వైపు. భక్తి పాటలు, జానపదాలు హక్కులతో సహా కొని, రింగుటోన్ల కంపెనీలకు అమ్మే వ్యాపారం. ప్రతి జనవరిలో ఆ సంతకు వెళ్ళి, ఎవరిదో దుకాణంలో ఒక బల్ల పంచుకుని కూర్చుని వచ్చేవాడు. వచ్చాక ప్రభుదాసు గదికొచ్చి అక్కడి ముచ్చట్లు చెబితే, ఇతను నోరు తెరుచుకుని వినేవాడు.

ఇక రెబెక్క పని ఏమిటో చెప్పాలి. పేరున్న గాయని ఎవరూ స్టూడియోలో కూర్చుని పాట నేర్చుకోరు. ముందు ఒక మనిషి చేత ఆ పాటంతా పాడిస్తారు. దాన్ని ట్రాకు అంటారు. ఆ ట్రాకు ఆ పేరున్న గాయని ఇంటికి వెళుతుంది. ఆవిడ విని, నేర్చుకుని, వచ్చి అదే చోట తన గొంతు పెడుతుంది. ఆవిడ గొంతు కుదిరిందనుకున్న మరుక్షణం కిందున్న ట్రాకు గొంతు చెరిపేస్తారు. పాడే పని రెబెక్కది, చెరిపే పని ప్రభుదాసుది. ఆవిడ పాడిందల్లా ఆయన చెరుపుతూ ఇన్నేళ్ళు ఒకే గదిలో కాపురం వెళ్ళదీశారు, తెలుసునా? ఇద్దరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. కంప్యూటర్లో చోటు తక్కువ. ట్రాకులు దాచుకునేవాణ్ణి ఆ పనిలో పిచ్చివాడంటారు. ఒకసారెప్పుడో, చాలా బాగా పాడిందని ప్రభుదాసు చెరపడానికి తటపటాయిస్తే, "దాసిపెట్టనీకి గదేమన్న పాటనా? ట్రాకు. తుడువు, ఇంటికి పోదాం" అన్నది రెబెక్కే.

ఆవిడ ట్రాకులు ఎక్కువగా కాత్యాయని గారికి వెళ్ళేవి. కాత్యాయనికి టీవీలో పేరుంది, జానపదాలకు మంచి గిరాకీ ఉంది. ఆవిడకు సీడీలో ఒక లైను ఆపి మళ్ళీ వెనక్కి తిప్పుకోవడం చేతకాదు. క్యాసెట్టే కావాలనేది. అందుకని ఊరంతా క్యాసెట్లు మానేసినా ప్రభుదాసు ఆవిడ కోసం ఒక డబ్బా కొని ఉంచేవాడు.

అలా ఉండగా రెండువేల తొమ్మిది చలికాలం వచ్చింది. తెలంగాణ ఉద్యమం రాజుకున్న రోజులు. ఎల్బీ నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. నల్గొండ నుంచి వచ్చే బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో దేవుడికే తెలియాలి. ప్రతి సభకు పాట కావాలి, ప్రతి సంఘానికి సీడీ కావాలి. ప్రభుదాసు గదికి తాళం వేసే తీరిక లేదు. రెబెక్క పాడుతూనే ఉంది. కార్తీకం దాటేసరికి గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగింది, ఆవిరి పట్టింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. పాట ఎక్కువై పట్టేసిందిలే అనుకున్నారు. పండుగ సీజనులో చర్చిలో పాడబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు గానీ దవాఖానకు పోలేదు.

డాక్టరు మంచి మనిషి, దాచకుండా చెప్పాడు. స్వరపేటికలో గడ్డ, మంచిది కాదు. పేటిక మొత్తం తీసేయాలి. ప్రాణం నిలుస్తుంది. ఊపిరి మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచి తీసుకోవాలి. గొంతు మాత్రం ఉండదు. జనవరి నెలాఖరుకు ఆపరేషను పెట్టారు. ఇంటికొచ్చి రెబెక్క బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ప్రభుదాసు గోడవైపు తిరిగి ఏడ్చాడు. అన్నం ఉడికినా ఎవరూ తినలేదు.

ఆ గొడవలోనే పట్టాభి సంతకు బయలుదేరుతూ వచ్చాడు. "అక్కడ ఈసారి జానపదాలు అడుగుతున్నారండి. మీ తెలంగాణ పాటలు ఏమున్నా ఒక సీడీలో వేసివ్వండి" అన్నాడు. ప్రభుదాసు దవాఖానకు వెళ్ళే తొందరలో ఉన్నాడు. కంప్యూటర్లో ఉన్నవన్నీ కలిపి ఒక సీడీలోకి ఎక్కించి, వినకుండానే చేతిలో పెట్టాడు. ఎన్నడూ అలా చేసేవాడు కాదు.

సంత మొదలైన రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"ప్రభుదాసు గారూ, ఆ ఆఖరి పాట ఎవరిదండీ?" పట్టాభి గొంతు వెనక బోలెడంత జనం సందడి. "నీళ్ళ బిందె పాట. డప్పు తప్ప ఇంకేం లేదు."

ప్రభుదాసు గుర్తుపట్టాడు. అది మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన తల్లి మీద కట్టిన పాట. బొంగురు రాకముందు రెబెక్క పాడిన ట్రాకు. కాత్యాయని వచ్చి గొంతు పెట్టాల్సింది. గొడవలకు భయపడి ఆవిడ విజయవాడ వెళ్ళిపోయింది. ఆవిడ రాలేదు కాబట్టి ఇతను చెరపలేదు.

"సార్, మాఫ్ చెయ్యండ్రి. గది పాట గాదు, ట్రాకు. మా ఇంటామె పాడింది. పొరపాటున ఒచ్చింది."

"పొరపాటా? అయ్యా, ఇక్కడ ఒక పెద్దావిడ నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, సంత తెరిచినప్పట్నుంచి ఆ ఒక్క పాటే తిప్పితిప్పి వింటోంది. చిన్న కంపెనీయే, కానీ ఊరూరి గొంతులు ఏరి వేస్తుందిట. ఆ గొంతువి ఇంకో ఏడెనిమిది ఇవ్వండి, ఆవిడ పేరుతో డిస్కు వేస్తానంటోంది. అట్ట మీద మీ ఆవిడ ఫోటో! సంత ముగిసేలోపు పంపించండి. తర్వాత ఈవిడ నాకెక్కడ దొరుకుతుంది?"

ప్రభుదాసు మన్సూరాబాద్ ఎలా చేరాడో అతనికే తెలియదు. రెబెక్క గుమ్మంలో కూర్చుని ఉంది. చెప్పాడు. ఆవిడ కాసేపు అర్థం కానట్టు చూసింది. తర్వాత గాలి లాంటి గొంతుతో అడిగింది, "నా పేరా?"

"నీ పేరే. ఫోటో గూడ."

"కాత్యాయనమ్మది గాదా?"

"కాదే, నీదే! నీ గొంతు ఇని అడిగిండ్రు."

ఏనాడూ నోరు తెరిచి ఇది కావాలని అడగని మనిషి. ఇన్నేళ్ళ పాటల్లో ఒక్క దాని మీదా తన పేరు లేదని ఒక్కసారీ అనలేదు. ఆ రోజు మొగుడి చెయ్యి పట్టుకుని, "ఉన్నయా? ఇంకేమన్న మిగిలినయా?" అంది. ఆ కళ్ళలో ఆశను ప్రభుదాసు చూశాడు. ఇంకొన్నాళ్ళకు ఆ గొంతు భూమ్మీద ఉండదు. మిగిలేది ఒక్క నీళ్ళ బిందె పాట. మిగతాదంతా తన వేళ్ళతోనే చెరిపాడు.

"ఉంటయ్, యాడికి పోతయ్" అన్నాడు. పచ్చి అబద్ధం.

ఆ సాయంత్రం కంప్యూటరు డబ్బా సంకన పెట్టుకుని, కొత్తపేటలో నెట్ సెంటరు నడిపే శేఖర్ దగ్గరికి పోయాడు. చెరిపేసిన పాటలు మళ్ళీ తోడి తీయగలడేమోనని ఆశ. శేఖర్ తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించి తల అడ్డంగా ఊపాడు. "ఒక్కసారి తుడిస్తే తీయొచ్చన్నా. నువ్వు దాని మీద మల్ల, మల్ల మీద మల్ల ఎక్కిచ్చినవ్. కింద ఏం లే."

మర్నాడు చర్చికి పోయాడు. క్రిస్మస్ పాటల రికార్డింగులు ఉన్నాయి గానీ, ఆడవాళ్ళందరూ కలిసి పాడిన గోలలో రెబెక్క ఎక్కడుందో వెతకడానికి లేదు. ఇంటికొచ్చి పెళ్ళినాటి వీడియో పెట్టి చూశాడు. పెళ్ళిలో రెబెక్క స్వయంగా పాడింది, అందరికీ గుర్తే. వీడియోలో ఆవిడ పెదవులు కదులుతున్నాయి. కానీ ఆ రోజుల్లో వీడియోవాళ్ళు అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు అతికించేవారు కదా, ఆవిడ పెదవుల మీద ఏదో డ్యూయెట్టు మోగుతోంది. ప్రభుదాసుకు ఒళ్ళు మండి రిమోటు గోడకేసి కొట్టాడు. జోస్నా బిత్తరపోయింది.

"నాయినా," అంది జోస్నా భయంభయంగా, "అమ్మ ట్రాకులు కాత్యాయనమ్మ ఇంటికి పంపేటోనివి గదా. గా క్యాసెట్లు ఏమైనయ్?"

పిల్ల అన్నాక గానీ తట్టలేదు చూడండి! ఇల్లంతా వెతికాడు, ఊరంతా తిరిగాడు, ఇన్నేళ్ళు తన చేత్తో మూటగట్టి పంపిన క్యాసెట్ల సంగతి మరిచాడు. ఆ మాట వినగానే లేచాడు. తీరా చూస్తే ఆ రోజు బంద్. బస్సు లేదు, ఆటో లేదు. సెల్లులో విశ్వేశ్వరరావు నంబరుకు చేస్తే ఎత్తడం లేదు. విశ్వేశ్వరరావు కాత్యాయని భర్త, ఆవిడ డేట్లన్నీ చూసేది ఆయనే. ఇల్లు చైతన్యపురిలో. ప్రభుదాసు చెప్పులేసుకుని నడిచాడు.

చౌరస్తాలో రోడ్డుకడ్డంగా టైర్లు తగలబడుతున్నాయి. లారీ మీద స్పీకరు పెట్టెలు పెట్టి పాటలు మోగిస్తున్నారు. అవి తాను రికార్డు చేసినవే, కాత్యాయని గొంతు. వేరే రోజైతే నిలబడి మురిసిపోయేవాడు. ఆ రోజు ఆ గొంతు కింద చెరిపేసిన గొంతు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాడు. పిచ్చి కాకపోతే ఎలా వినిపిస్తుంది? తెలిసిన వాళ్ళెవరో "ప్రభన్నా, రా, కూసో!" అని పిలిచారు. చెయ్యి ఊపి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

విశ్వేశ్వరరావు గేటుకు లోపలి నుంచి రెండు తాళాలు వేసుకుని ఉన్నాడు. గేటు కొడితే కిటికీ తెర కదిలింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"సార్, నేను, ప్రభుదాసును! రికార్డింగు ప్రభుదాసును!"

చాలాసేపటికి పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. "నువ్వటయ్యా! హడలిపోయాననుకో. మా ఆవిడ పాడిన పాటే మైకులో పెట్టుకుని, మా గేటు మీద రాళ్ళేస్తారేమోనని నేను లోపల కూర్చున్నాను. చూశావా చోద్యం! ఏవిటిలా వచ్చావు?"

ప్రభుదాసు విషయం చెప్పేసరికి, పెద్దాయన గొంతు మెత్తబడింది. "రెబెక్కకా? అయ్యయ్యో. మాకు తెలీనేలేదు సుమా." అటక మీద నుంచి బిస్కట్ల అట్టపెట్టె దింపాడు. నిండా క్యాసెట్లు. ప్రతి దాని మీదా ప్రభుదాసు చేతిరాతే. "ఇవేనా? నీకు తిరిగివ్వమంది, నేనే బద్ధకించాను. ఒక్కటీ పారేయలేదు." ప్రభుదాసు ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే, "ఛ, ఛ, ఏం పనయ్యా ఇది!" అని వెనక్కి జరిగాడు.

ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని ప్రభుదాసు దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చాడు. బంద్ కాబట్టి కింద సుత్తి చప్పుడు కూడా లేదు. పాత టేపు రికార్డరు దుమ్ము తుడిచి మొదటి క్యాసెట్టు పెట్టాడు. బుర్రుమని శబ్దం, వెనకే రెబెక్క. "అమ్మా, రొండో లైను కాడ జర ఊపిరి ఆపి ఒదలాలె. పాడుతున్న, ఇనుండ్రి." గొంతు చక్కగా, నిండుగా, ఏ జబ్బూ లేకుండా ఉంది. ప్రభుదాసుకు కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. "దేవా, దేవా" అనుకున్నాడు.

టక్కుమని శబ్దమైంది. పాట మొదలైంది. పాడుతున్నది కాత్యాయని.

ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. ముందు రెబెక్క ఏదో చెబుతుంది, ఆవిడ పాట అందుకోబోయేసరికి టక్కుమంటుంది, కాత్యాయని గొంతు వస్తుంది. ఇంకోటి, ఇంకోటి. పెట్టె అడుగుదాకా అదే. అతనికి మెల్లగా అర్థమైంది. కాత్యాయని శ్రద్ధగల మనిషి. ట్రాకు నేర్చుకున్నాక, తనకెంతవరకు పట్టుబడిందో చూసుకోవడానికి అదే క్యాసెట్టు మీద తాను పాడి రికార్డు చేసుకునేది. క్యాసెట్టు వీపు మీద రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, అవి విరగ్గొడితే దాని మీద ఇంకెవరూ రికార్డు చేయలేరు. ప్రభుదాసు ఏనాడూ వాటిని విరగ్గొట్టలేదు. తిరిగొస్తే వాడుకోవచ్చు కదా అని పొదుపు. తగలెయ్య ఆ పొదుపును!

టేపు ముందు మోకాళ్ళ మీద కూలబడి తల బాదుకున్నాడు. బయట ఊరేగింపు నినాదాలు వినిపిస్తున్నాయి. అతనికి ఏదీ పట్టలేదు. ఎంతసేపు అలా ఉన్నాడో గానీ, చివరి క్యాసెట్టు తనంతట తాను నడుస్తూనే ఉంది. వింటూ వింటూ తలెత్తాడు. కాత్యాయని అచ్చం రెబెక్కలా పాడుతోంది. ఊపిరి ఆపే చోటు, మాట విరిచే చోటు, చివర్లో గొంతు కొంచెం జార్చడం, అంతా పెళ్ళాం నేర్పిందే. తోడు వాయిద్యం కూడా లేదు, ఒట్టి గొంతు. ఇవి రెబెక్కవేనని పంపితే దూరదేశంలో ఉన్న ముసలామెకు ఏం తెలుస్తుంది?

ఆ ఆలోచనకు తనే భయపడ్డాడు. అయినా క్యాసెట్లలో బాగున్నవి ఏరుకుని ఇంటికి పట్టుకుపోయాడు. రెబెక్కకు అబద్ధం చెప్పలేక, టేపు పెట్టి వినిపించి, అంతా చెప్పేశాడు. తన ఆలోచన కూడా చెప్పాడు. తప్పని తిడుతుందనుకున్నాడు. దేవుడి ముందు మోకరించమంటుందనుకున్నాడు.

రెబెక్క కళ్ళు ఎర్రబడ్డాయి. అంత కోపం ఆవిడ ముఖాన అతనెప్పుడూ చూడలేదు. మాట పైకి రాక జోస్నాను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. జోస్నా ఏడుస్తూ పైకి చెప్పింది.

"పంపుమంటుంది నాయినా. ఇన్నేండ్లు నా పాట ఆమె పేరు మీద పోయింది, ఒక్కసారి ఆమె పాట నా పేరు మీద పోనీ అంటుంది. నేను సచ్చినా బతికినా ఒక్క అట్ట మీద నా పేరుండాలె అంటుంది."

ప్రభుదాసు ఇక ఆలోచించలేదు. శేఖర్ నెట్ సెంటరు సగం షట్టరు దించి పనిచేస్తోంది. వంగి లోపలికి దూరి, పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పంపించాడు. పట్టాభికి ఫోను చేసి చేరాయని చెప్పించుకున్నాడు. "ఓహో, బ్రహ్మాండం! సంత ఆఖరి రోజున ఆవిడ వస్తానంది, వినిపిస్తాను" అన్నాడు పట్టాభి. పాపం, ఆయనకూ తేడా తెలియలేదు.

ఆ ఆఖరి రోజుకే ఆపరేషను పడింది. రెబెక్కకు దవాఖాన గౌను వేసి, జుట్టు రెండు జడలుగా అల్లి, మంచం మీద పడుకోబెట్టారు. ఆవిడ కళ్ళన్నీ ప్రభుదాసు చేతిలోని ఫోను మీదే ఉన్నాయి. లోపలికి తీసుకుపోయే ముందు కబురు తెలియాలని ఆవిడ పట్టు. ఫోను మోగగానే అతను వరండాలోకి పరుగెత్తాడు.

"ప్రభుదాసు గారూ," అన్నాడు పట్టాభి. "ఏం పంపారండీ మీరు? ఆవిడ మొదటి పాట సగం కూడా వినలేదు. చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది. ఈ మనిషి ఆ మనిషి కాదంది. నేను వాదించానండి, అదే గొంతు, అదే మనిషి అని ఒట్టేశాను. బాగా నేర్చుకున్న మనిషే, కానీ ఆవిడ కాదు అంది. ఆ మొదటి ఆవిడ ఎక్కడ అని అడిగింది. నేనేం చెప్పను? మోసం చేసేవాళ్ళతో నాకు పని లేదని, ఆ నీళ్ళ బిందె పాట కూడా వద్దని లేచి వెళ్ళిపోయింది. ఇక్కడ దుకాణాలన్నీ విప్పేస్తున్నారు. నా పరువు పోయిందండీ."

ప్రభుదాసు ఫోను జేబులో వేసుకున్నాడు. అంతా అయిపోయింది. ఉన్న ఒక్క పాటను కూడా తన చేతులారా పోగొట్టాడు. లోపలికి వెళ్ళి ఒప్పుకున్నారని చెబితే ఏం పోతుంది, కనీసం నవ్వుతూ లోపలికి వెళుతుంది కదా అనుకున్నాడు. వెళ్ళాడు. ఆ ముఖం చూశాడు. చేతకాలేదు.

"ఒద్దన్నదట" అన్నాడు.

రెబెక్క కళ్ళు మూసుకుంది. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ప్రభుదాసు మంచం పట్టీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నాదే తప్పు రెబెక్కా. గీ పాటలు పంపకుంటే గదన్న ఉండేది. కాత్యాయనమ్మను నువ్వని పంపితే పట్టేసిందట. గీమె గామె గాదు అన్నదట."

రెబెక్క కళ్ళు తెరిచింది.

ఒక చేత్తో అతని చొక్కా పట్టుకుని ముఖం దగ్గరికి లాక్కుంది. గాలే తప్ప గొంతు లేదు. "ఏమన్నది?"

"నువ్వు గాదని. ఇనంగనే గుర్తువట్టిందట. సగం పాట గూడ ఇనలేదట. పట్టాభి సారు ఒట్టేసినా నమ్మలేదట. గా మొదటి ఆమె యాడుంది అని అడిగిందట."

రెబెక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తాను పాడింది పాడినట్టు కాత్యాయని పాడితే ఈ పట్నంలో ఒక్కరికి కూడా ఇన్నేళ్ళు తేడా తెలియలేదు. కట్టుకున్నవాడు కూడా తెలియదులే అనుకునే పంపాడు. నర్సులు వచ్చి మంచం చక్రాల గొళ్ళెం తీశారు. రెబెక్క చొక్కా వదల్లేదు.

"ఇంకోపారి చెప్పు" అంది.

అతను మళ్ళీ చెప్పాడు. మంచం కదిలింది. పక్కన నడుస్తూ మళ్ళీ చెప్పాడు. నర్సు ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. తలుపు దగ్గర అతన్ని ఆపేశారు. లోపలికి పోతున్న మంచం వైపు మెడ చాచి, చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూస్తున్నా లెక్కచేయకుండా, "నువ్వు గాదని తెల్సిందట రెబెక్కా! ఇనంగనే తెల్సిందట!" అని తలుపులు మూసుకునేదాకా ప్రభుదాసు అరుస్తూనే ఉన్నాడు.